స్టైన్స్ గేట్: 8 ఎపిసోడ్ల దగ్గర ఆపేద్దామనుకుంటున్న మీకు

మీ ప్రశ్న తర్వాత చదివేవాళ్లకు కూడా తెలిసేలా ముందు ఒకసారి చెప్పుకుంటాను. మీ తమ్ముడు పట్టుబడితే 'స్టైన్స్ గేట్' అనే అనిమే, అంటే జపాన్ యానిమేషన్ సిరీస్, మొదలుపెట్టారు. 8 ఎపిసోడ్లు అయ్యాయి. ఒక ఇరుకు గదిలో నలుగురు కూర్చుని కబుర్లు చెప్పుకోవడం తప్ప ఏమీ జరగట్లేదని, హీరో నవ్వు వింటే చిరాకేస్తోందని రాశారు. ఆపేయాలా, లేక ఇది ఏ గేమ్ నుంచి వచ్చిందో ఆ గేమ్ ముందు ఆడాలా, చూస్తే ఏ వరుసలో చూడాలి అని అడిగారు.

ఆపేయకండి. 12వ ఎపిసోడ్ చివరి నిమిషం దాకా చూడండి. ఆ నిమిషం తర్వాత కూడా మీకు ఆపాలనిపిస్తే అప్పుడు ఆపేయండి, నేనేమీ అనను.

నేను కూడా 2012లో మొదటిసారి చూసినప్పుడు 6వ ఎపిసోడ్ దగ్గర ఆపేశాను. 4 నెలల తర్వాత ఒక వర్షపు ఆదివారం ఇంకేం తోచక మళ్లీ పెట్టాను. అప్పటి నుంచి మొత్తం సిరీస్ 5 సార్లు చూశాను, గేమ్ రెండుసార్లు పూర్తి చేశాను. మొదటిసారి నాకు విసుగు పుట్టించిన ఆ ఎపిసోడ్లే ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టం. ఎందుకో చెప్పడానికే ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను. మీరు 8 దగ్గర ఉన్నారు కాబట్టి మొదట అంతవరకే మాట్లాడతాను. చివరి భాగం సిరీస్ పూర్తయినవాళ్లకు. అక్కడికి రాగానే హెచ్చరిస్తాను, మీరు అక్కడ చదవడం ఆపేయండి.

ముందు ఇది ఎక్కడ పుట్టిందో చూద్దాం. 2009 అక్టోబరు 15న జపాన్‌లో ఎక్స్‌బాక్స్ 360కి ఒక విజువల్ నావెల్ వచ్చింది. 5పీబీ, నైట్రోప్లస్ అనే రెండు కంపెనీలు కలిసి చేశాయి. ఆలోచన చియోమారు షికురాది, కథ ప్రధానంగా రాసింది నవోతాకా హయాషి, బొమ్మలు హ్యూకే గీశారు. కథ మొదలయ్యే రోజు 2010 జూలై 28. అంటే గేమ్ కొన్నవాళ్లకు అది ఇంకా రాని ఎండాకాలం. దాన్ని వైట్ ఫాక్స్ స్టూడియో టీవీ సిరీస్‌గా తీసింది. దర్శకులు ఇద్దరు, హిరోషి హమసాకి, తకుయా సాతో. స్క్రిప్టు బాధ్యత జుక్కి హనదాది. 2011 ఏప్రిల్ 6 నుంచి సెప్టెంబరు 14 వరకు 24 ఎపిసోడ్లు ప్రసారమయ్యాయి.

విజువల్ నావెల్ అంటే ఏమిటో చాలామందికి తెలియదు, మీకూ కొత్తే అనుకుంటాను. తుపాకీ పేల్చడం, పరుగెత్తడం ఏమీ ఉండదు. తెర మీద బొమ్మ, వెనక సంగీతం, కింద అక్షరాలు. మీరు చదువుతూ పోవాలి. అక్కడక్కడ ఒక నిర్ణయం మీ చేతికి వస్తుంది, దాన్నిబట్టి కథ ఒక దారి పడుతుంది. నవల, రేడియో నాటకం కలిసి ఒక చోట కూర్చున్నట్టు ఉంటుంది. స్టైన్స్ గేట్ గేమ్ పూర్తి చేయడానికి నాకు మొదటిసారి 35 గంటలు పట్టింది. 24 ఎపిసోడ్లు చూడడానికి 10 గంటలు కూడా అక్కర్లేదు. అంటే అనిమే తీసినవాళ్లు సగానికి పైగా వదిలేయాల్సి వచ్చింది. అయినా ఆ కబుర్ల ఎపిసోడ్లను ఉంచారు. కథను తొందరగా నడిపించాలనుకుంటే ముందు కత్తెర పడేది వాటి మీదే కదా. ఉంచారంటే వాటితో వాళ్లకు ఏదో పని ఉండాలి.

ఆ పని ఏమిటో చూడాలంటే మీరు మళ్లీ 1వ ఎపిసోడ్‌కు వెళ్లాలి. హీరో ఒకాబె రింతారో, అతని చిన్ననాటి స్నేహితురాలు మయూరి కలిసి టోక్యోలో అకిహబారా అనే చోట ఉన్న రేడియో కైకాన్ భవనానికి వెళ్తారు. (మయూరి అన్న పేరు మన చెవికి పక్కింటి అమ్మాయి పేరులా తగులుతుంది. నాకు ఆ పిల్ల మొదటి నుంచీ దగ్గరగా అనిపించడానికి అదీ ఒక కారణమేమో.) అక్కడ కురిసు అనే యువ సైంటిస్టు ఒకాబె ఎదురుగా వచ్చి, పావుగంట క్రితం నాతో ఏదో చెప్పబోయావు కదా, ఏమిటది అని అడుగుతుంది. ఒకాబెకు ఆమెను అంతకుముందు చూసిన గుర్తే లేదు. కాసేపటికి ఒక అరుపు వినిపిస్తుంది. అతను వెళ్లి చూస్తే ఆమె రక్తపు మడుగులో పడి ఉంటుంది. భయంతో బయటికి వచ్చి స్నేహితుడు దారుకు మెయిల్ పంపుతాడు. మరుక్షణం వీధిలో జనమంతా మాయం. ఆ తర్వాత కొద్ది గంటలకే అదే కురిసు క్షేమంగా ఎదురవుతుంది.

ఆ పావుగంట మాట ఏమిటి? ఆ అరుపు ఎవరిది? ఈ రెంటికీ జవాబు ఉంది. ప్రేక్షకుణ్ని పట్టుకోవడానికి పడేసి మరిచిపోయిన ప్రశ్నలు కావు. కాగితం మీద రాసి పెట్టుకోండి. చివరికి ఆ కాగితం తీసి చూసుకున్న రోజు మీరు మీ తమ్ముడికి ఫోన్ చేస్తారు.

తర్వాత డి మెయిల్. మైక్రోవేవ్ ఓవెన్‌కు ఫోన్ తగిలించి ఆడుకుంటుంటే మెయిల్ గతానికి వెళ్తుందని తెలుస్తుంది. దానికి ఒక హద్దు పెట్టారు రచయితలు, 36 బైట్లు. అది కూడా 12 చొప్పున మూడు ముక్కలుగా వెళ్తుంది. జపనీస్ అక్షరానికి ఆ లెక్కలో 2 బైట్లు, అంటే మొత్తం 18 అక్షరాలే. కాల ప్రయాణం కథల్లో నాకు నచ్చిన హద్దు ఇదే, ఎందుకంటే ఇక్కడ కష్టమంతా భాషలోకి వస్తుంది. మన తెలుగు యూనికోడ్‌లో, కంప్యూటర్లు అక్షరాలను దాచే యూటీఎఫ్ 8 పద్ధతిలో, ఒక్కో గుర్తుకు 3 బైట్లు. గుణింతం గుర్తు, పొల్లు కూడా విడిగా లెక్కే. "వెళ్లకు, ఆగు" అని పంపాలంటే 32 బైట్లు అయిపోతాయి, అది కూడా మొదటి ముక్క "వెళ్" దగ్గరే తెగిపోతుంది. గతంలో ఉన్న మనిషికి ఆ ముక్క చేరితే వెళ్లమన్నారో వద్దన్నారో ఎలా తెలుస్తుంది? ఒక రాత్రి కూర్చుని ఇలాంటివి లెక్కేసుకున్నాను. ఇంత తక్కువ మాటల్లో జీవితంలో ఒక్కటి మార్చుకోమంటే ఏం రాస్తాం అన్న ప్రశ్న అప్పుడే నాకు నిజంగా తగిలింది.

మీరు చూసిన 7, 8 ఎపిసోడ్లలో జరుగుతున్నదీ అదే. లాటరీ అంకెలు పంపడం సరదాగానే ఉంటుంది. కానీ ఒకాబెకు తెలిసిన మోయెకా తన పాత ఫోన్ గురించి, స్నేహితుడు రుకా తన పుట్టుక గురించి పంపే మెయిళ్లు సరదా కాదు. వాళ్లు మనసులో ఎన్నాళ్లుగానో దాచుకున్న కోరికను 18 అక్షరాలకు కుదించి ఒకాబె చేతిలో పెడుతున్నారు. అతనేమో ప్రయోగం జరుగుతోందన్న ఉత్సాహంలో ఉన్నాడు. మీకు ఏమీ జరగట్లేదనిపించిన చోట ఇంత జరుగుతోంది. ఇంకొక్కటి గమనించండి. మెయిల్ వెళ్లిన ప్రతిసారీ లోకం మారుతుంది, మారిందన్న జ్ఞాపకం ఒకాబెకు ఒక్కడికే మిగులుతుంది. 'రీడింగ్ స్టైనర్' అని తనే దానికి గొప్ప పేరు పెట్టుకున్నాడు. ఇప్పటికి అది అతనికి వరంలా కనిపిస్తోంది.

ఆ నవ్వు సంగతి. "మ్యాడ్ సైంటిస్టు హోఓయిన్ క్యోమా" అంటూ, అవతల ఎవరూ లేని ఫోన్‌లో రహస్యాలు మాట్లాడే ఆ వేషాన్ని జపాన్‌లో చూనిబ్యో అంటారు. మాటకు మాట తెస్తే 'ఎనిమిదో తరగతి జబ్బు'. ఆ వయసు పిల్లలు తమలో ఏదో మహాశక్తి ఉందని ఊహించుకునే దశ అది. ఒకాబెకు 18 ఏళ్లు, ఆ దశ దాటి చాలాకాలం అయింది, అయినా వదలడు. దానికి కారణం ఉంది, అది తెలిసే ఎపిసోడ్ వస్తుంది. ఇప్పటికి ఒక్క పని చేయండి. ఆ నవ్వు వినిపించినప్పుడల్లా పక్కన మయూరి ముఖం చూడండి. గొంతు ఇచ్చింది మమోరు మియానో. సిరీస్ నడిచేకొద్దీ ఆ నవ్వు ఎన్నిసార్లు వస్తుందో, ఎలా వస్తుందో వింటూ ఉండండి. నేను చూసిన అనిమేల్లో గొంతుతో చేసిన నటన ఇంత బలంగా ఉన్నవి చాలా తక్కువ. అందుకే మొదటిసారి జపనీస్ ఆడియోతోనే చూడమంటాను. ఇంగ్లీషు డబ్బింగ్‌లో జె. మైకేల్ టేటమ్ కూడా బాగా చేశారు, సబ్‌టైటిల్స్ చదవడం కష్టమైనవాళ్లు నిశ్చింతగా అది చూడొచ్చు.

ఈ కథలో ఊహకు, నిజానికి మధ్య గీత ఎంత సన్నగా ఉంటుందో తెలిస్తే కబుర్ల ఎపిసోడ్లు ఇంకా బాగుంటాయి. కథలో కాల ప్రయాణికుడిగా వచ్చే జాన్ టైటర్ అనే పేరు రచయితల కల్పన కాదు. 2000 నవంబరు నుంచి 2001 మార్చి వరకు ఒక వ్యక్తి ఇంటర్నెట్‌లో ఆ పేరుతో, తాను 2036 నుంచి వచ్చానని నిజంగానే రాశాడు. తనకు 1975 నాటి ఐబీఎం 5100 కంప్యూటర్ కావాలన్నాడు. ఆ కంప్యూటర్ కూడా నిజం. అప్పట్లో దాన్ని చేత్తో మోసుకెళ్లే కంప్యూటర్ అనేవారు, బరువు మాత్రం దాదాపు 25 కిలోలు, అంటే ఒక బియ్యం బస్తా. అనిమేలో దాని పేరు ఐబీఎన్ అయింది, యూరప్ అణు పరిశోధన సంస్థ సెర్న్ పేరులో మొదటి ఇంగ్లీషు అక్షరం మారింది. జెనీవా దగ్గర భూమి లోపల 27 కిలోమీటర్ల చుట్టుకొలతతో ఉన్న ఆ సంస్థ పరిశోధన యంత్రం 2008 సెప్టెంబరులో మొదలైన రోజు మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. చిన్న బ్లాక్ హోల్ పుట్టి భూమిని మింగేస్తుందని మన న్యూస్ ఛానెళ్లు ఊదరగొట్టాయి. మా వీధిలో ఒక పెద్దావిడ ఆ రోజు ఉదయమే గుడికి వెళ్లి దీపం పెట్టి వచ్చారు. అదే భయాన్ని, అదే చిన్న బ్లాక్ హోల్‌ను ఈ రచయితలు తీసుకుని మైక్రోవేవ్ ఓవెన్‌లో పెట్టారు.

ఊరు కూడా నిజమే. అకిహబారా ఒకప్పుడు రేడియో విడిభాగాల బజారు, తర్వాత కంప్యూటర్ల బజారు, ఆ తర్వాత అనిమే అభిమానుల అడ్డా. మూడు కాలాలూ ఒకే వీధిలో పొరలు పొరలుగా కనిపిస్తాయి. ఒకాబె ల్యాబ్ అని పిలుచుకునే ఆ ఇరుకు గది కింద ఉన్న పాత గాజు టీవీల కొట్టు మొదటి రెండు కాలాల మిగులు, వాళ్ల స్నేహితురాలు ఫేరిస్ పనిచేసే మెయిడ్ కేఫ్, అంటే అమ్మాయిలు పనిమనిషి వేషంలో వడ్డించే కాఫీ హోటల్, మూడో కాలం. ఈ ఊరు ఇలా ఎందుకుందన్నది కూడా కథలో ఒక మలుపు అవుతుంది, మీరు 9వ ఎపిసోడ్‌లోనే చూస్తారు. పాత రేడియో కైకాన్ భవనాన్ని కూల్చేముందు, 2011లో, కథలో దానికి గుచ్చుకున్న ఉపగ్రహంలాంటి యంత్రం నమూనాను నిజంగానే పై అంతస్తుకు అమర్చి అభిమానులకు చూపించారు. ఇప్పుడున్నది 2014లో తెరిచిన కొత్త భవనం. నేను ఆఫీసు పని మీద టోక్యో వెళ్లినప్పుడు సాయంత్రం రైలు దిగి దాని ఎదురుగా పది నిమిషాలు నిలబడ్డాను. పాతది చూసి ఉంటే ఎంత బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

హమసాకి ఆ ఊరిని చూపించిన తీరు గురించి ఒక్క మాట. రంగులు వెలిసిపోయినట్టు, ఆకాశం తెల్లగా కాలిపోతున్నట్టు ఉంటుంది. మిట్టమధ్యాహ్నం మేడ మీద నిలబడి కళ్లు చిట్లించుకుని చూసినట్టు. ఇది ఉల్లాసంగా ఉండే వేసవి సెలవు కాదని ఆ వెలుగు ముందే చెబుతోంది.

ఇక గేమ్ ముందా, అనిమే ముందా. నా సలహా, మీరు అనిమే సగంలో ఉన్నారు కాబట్టి దాన్ని పూర్తి చేయండి. గేమ్ తర్వాత. అనిమే తర్వాత గేమ్ ఆడితే రుచి తగ్గదు, ఎందుకంటే గేమ్‌లో మీరు ఒకాబె తల లోపల ఉంటారు. అతను పైకి అరిచే మాటకు, లోపల అనుకునే మాటకు ఎంత తేడా ఉందో చదువుతారు. అనిమేలో పోగొట్టుకున్నదల్లా ముఖ్యంగా అదే.

గేమ్‌లో ఇంకో విశేషం నిర్ణయాలు తీసుకునే పద్ధతి. మిగతా విజువల్ నావెల్స్‌లో తెర మీద రెండు మూడు వాక్యాలు కనిపిస్తాయి, ఒకటి ఎంచుకుంటాం. ఇక్కడ మీ చేతిలో ఒకాబె ఫోన్ ఉంటుంది. ఎవరో మెయిల్ పంపుతారు, అందులో కొన్ని పదాల కింద గీత ఉంటుంది. ఏ పదాన్ని పట్టుకుని జవాబిస్తారో, అసలు జవాబిస్తారో లేదో, మోగుతున్న ఫోన్ ఎత్తుతారో లేదో, అవే మీ నిర్ణయాలు. అసలైన ముగింపు చేరాలంటే కురిసు పంపే మామూలు మెయిళ్లకు సరైన పదంతో జవాబిస్తూ రావాలి. నేను మొదటిసారి అవి పిచ్చాపాటి అనుకుని వదిలేసి, ఆ ముగింపు దాకా చేరలేకపోయాను. కబుర్లను వృథా అనుకుంటే ఈ కథ తలుపు తెరవదు, గేమ్‌లోనూ అంతే.

విజువల్ నావెల్‌ను టీవీకి తేవడం ఎందుకు కష్టమో కూడా ఇక్కడే చెప్పాలి. 2004లో వచ్చిన 'క్లానాడ్' లాంటి గేమ్‌లో ఒక్కో అమ్మాయి కథ ఒక్కో దారి. ఒక దారిలో వెళ్తే మిగతావి దాదాపు కనిపించవు. టీవీలో అన్నీ ఒకే మనిషికి ఒకే కాలంలో జరిగినట్టు చూపాలి. క్యోటో యానిమేషన్ దాన్ని 2007 నుంచి 2009 వరకు రెండు సిరీస్‌లుగా ఎంతో ప్రేమతో తీసినా, మొదటి సిరీస్‌లో ఒక కథ ముగిసి ఇంకో కథ మొదలయ్యే అతుకు తెలుస్తూనే ఉంటుంది. స్టైన్స్ గేట్ దారులు పక్కపక్కన ఉండవు, మెట్ల మాదిరి ఒకదాని మీద ఒకటి ఉంటాయి. మొత్తం 6 ముగింపులు. మధ్యలో ఒక మెట్టు మీద ఒకాబె ఇక నా వల్ల కాదని ఆగిపోతే అక్కడ ఒక ముగింపు, ఇంకో మెట్టు ఎక్కి ఆగితే మరొకటి. ఎక్కుతూనే ఉంటే చివరిది. టీవీ కథకు కావలసింది ఆగకుండా ఎక్కే ఒకాబె మాత్రమే. అందుకే అనిమేలో అతుకు కనిపించదు. ఆగిపోయే అవకాశం ప్రతి మెట్టు మీదా ఉందని మాత్రం మియానో గొంతులో వినిపిస్తుంది.

చూడాల్సిన వరుస తేలికే. 1 నుంచి 24 వరకు. తర్వాత 2012లో వచ్చిన 25వ ఎపిసోడ్, అది అమెరికాలో జరిగే తేలికపాటి కథ. ఆ పైన 2013లో వచ్చిన సినిమా. 'స్టైన్స్ గేట్ జీరో' 2018లో 23 ఎపిసోడ్లుగా వచ్చింది, దానికి ముందు 23వ ఎపిసోడ్‌కే వేరే ముగింపుతో ఉన్న '23 బీటా' చూడాలి. కాలక్రమం పేరుతో జీరోను మధ్యలో దూర్చి చూడమని కొందరు చెబుతారు. మొదటిసారి చూసేవాళ్లు దయచేసి అలా చేయకండి, 23 నుంచి 24కి ఉన్న ఊపు విరిగిపోతుంది. 24 పూర్తయ్యాక కనీసం ఒక నెల ఆగి జీరో చూస్తే ఇంకా మంచిది. గేమ్ విషయానికొస్తే, అధికారికంగా ఇంగ్లీషులో పీసీకి 2014లో వచ్చింది. 2018లో వచ్చిన 'ఎలైట్' అనేది అనిమే దృశ్యాలతోనే చేసిన మరో రూపం. చదవడం ఇష్టమైనవాళ్లకు పాతదే చెబుతాను.

ఇక్కడి నుంచి 24 ఎపిసోడ్లూ చూసినవాళ్లకు మాత్రమే. ప్రశ్న అడిగినవారు దయచేసి ఇక్కడ ఆగిపోండి, చూశాక మళ్లీ రండి.

12వ ఎపిసోడ్‌లో మయూరి పడిపోయినప్పుడు మనకు అంత నొప్పి కలిగిందంటే కారణం ఆ 11 ఎపిసోడ్లలో ఆమె ఏమీ చేయకపోవడమే. అరటిపండు తింది, బట్టలు కుట్టుకుంది, గదిలో ఒక మూల కూర్చుంది. కథకు పనికొచ్చే పని ఒక్కటీ చేయలేదు. ఇంట్లో మనిషి అలాగే ఉంటారు కదా, పని ఉండి ఉండరు. ఆ తర్వాత ఎపిసోడ్‌లో ఒకాబె మళ్లీ మళ్లీ వెనక్కి దూకుతాడు. తుపాకీ తప్పితే కారు, కారు తప్పితే రైలు. ప్రతిసారీ ఆమె గడియారం ఆగిపోతుంది. ఆ నవ్వు ఎప్పుడు మాయమైందో నేను మొదటిసారి గమనించనే లేదు. రెండోసారి చూసినప్పుడు గమనించి వీడియో ఆపేసి కూర్చున్నాను.

హోఓయిన్ క్యోమా వేషం ఎందుకో కూడా తెలిసింది. అమ్మమ్మ పోయాక మయూరి మాట్లాడడం మానేసి రోజూ సమాధి దగ్గర నిలబడేది. ఒక వాన రోజున మబ్బుల్లోంచి వెలుగు పడి, ఆ పిల్ల ఆకాశానికి చెయ్యి చాచింది. ఎక్కడికో వెళ్లిపోతుందేమోనని భయపడి ఒకాబె ఆమెను పట్టుకుని, నువ్వు నా బందీవి, నా ప్రయోగాలకు పనికొస్తావు, ఎక్కడికీ పోనివ్వను అన్నాడు. ఏళ్లు గడిచినా ఆ వేషం దించలేదు. మనం వెర్రితనం అనుకున్నది ఒక చిన్నపిల్లను బతుకులో నిలిపి ఉంచడానికి పట్టుకున్న తాడు.

రెండో సగం నడిచే తీరు నులక మంచం విప్పినట్టు ఉంటుంది. చివరి చుట్టుతో మొదలుపెట్టి వెనక్కి రావాలి. మెయిళ్లు పంపింది మోయెకా, రుకా, ఫేరిస్, ఆ తర్వాత భవిష్యత్తు నుంచి వచ్చిన సుజుహాను ఆపడానికి. రద్దు చేసేది సుజుహా, ఫేరిస్, రుకా, మోయెకా వరుసలో. ప్రతి చుట్టులోనూ ఒక మనిషికి ఒకాబె ఇచ్చినదాన్ని తనే అడిగి వెనక్కి తీసుకోవాలి. ఫేరిస్ పదేళ్ల క్రితం చనిపోయిన తండ్రిని తిరిగి తెచ్చుకుంది, ఇప్పుడు తన చేత్తోనే ఆ తండ్రిని వదులుకోవాలి. రుకాకు అమ్మాయిగా ఒక్కరోజు దక్కింది. సుజుహా వెళ్లకుండా ఒక్క రాత్రి ఆపితే ఏమైందో ఆమె ఉత్తరం చెప్పింది, విఫలమయ్యాను, విఫలమయ్యాను అని అదే మాటతో నిండిన ఆ కాగితం. స్నేహితురాలు ఇంకొన్ని రోజులు ఉంటే బాగుండునన్న ప్రేమతోనే ఆ మెయిల్ పంపారు. తప్పు ఎక్కడుందని వెతికితే నాకు ఇప్పటికీ దొరకదు. ఈ సిరీస్‌లో నన్ను అన్నిటికంటే ఎక్కువగా వెంటాడింది అదే.

రద్దయిన ప్రతిదీ ఆ మనిషి మనసులోంచి చెరిగిపోతుంది. మోసేది ఒకాబె ఒక్కడే. 8వ ఎపిసోడ్‌లో వరంలా కనిపించిన రీడింగ్ స్టైనర్ ఇక్కడికి వచ్చేసరికి ఏమయిందో చూడండి. 14వ ఎపిసోడ్‌లో కురిసు అతని బరువులో సగం తీసుకుంటుంది, గతంలోని తనను నమ్మించడానికి ఒక రహస్యం చెబుతుంది. తనకు సొంత ఫోర్క్ కావాలని. ఎంత చిన్న కోరిక! ఆమె సైంటిస్టు అన్న విషయం పక్కకు పోయి, ఇంటి భోజనం బల్ల దగ్గర తనకంటూ ఒక చోటు కోరుకున్న కూతురు కనిపిస్తుంది. 23లో ఆ కూతుర్ని ఆమె తండ్రి ఏం చేయబోయాడో చూసినప్పుడు నాకు మళ్లీ ఆ ఫోర్కే గుర్తొచ్చింది.

కాగితం మీద రాసుకున్న రెండు ప్రశ్నలకు జవాబు కూడా ఆ చివరి రెండు ఎపిసోడ్లలోనే. పావుగంట క్రితం కురిసు చూసింది ఆమెను బతికించడానికి వచ్చి, ఎదురుపడగానే మాట పెగలక నిలబడిపోయిన ఒకాబెను. మొదటి ఎపిసోడ్‌లో వినిపించిన అరుపు కూడా అతనిదే. తెచ్చుకున్న నకిలీ రక్తం ఎండిపోతే తన రక్తాన్నే నేల మీద పోసి, గతంలోని తనను తనే నమ్మించాడు. 1వ ఎపిసోడ్‌లో మనం చూసిన శవం శవం కాదు. అంతా మన కళ్ల ముందే ఉంది.

ఇక చివరి లోకంలో ఏం మిగిలింది? మయూరి ఉంది, కురిసు ఉంది. కానీ ఆ మూడు వారాలు లేవు. కురిసు ఆ ల్యాబ్‌లో అడుగే పెట్టలేదు. డి మెయిల్‌కు పేరు ఎవరూ పెట్టలేదు. ఇరుకు గదిలో ఫ్యాన్ కింద కూర్చుని వాదించుకున్న మధ్యాహ్నాలు ఎవరి లెక్కలోనూ లేవు. వాటిని చూసినవాళ్లు లోకం మొత్తంలో ఇద్దరే, ఒకాబె ఒకరు, తెర ఇవతల కూర్చున్న మనం ఒకరు. నాకు ఆ 8 ఎపిసోడ్లంటే ఎందుకింత ఇష్టమని అడిగితే ఇదే చెబుతాను. అవి ఇప్పుడు ఆ కథలో ఎక్కడా లేవు, నా దగ్గర ఉన్నాయి.

అకిహబారా వీధిలో వాళ్లిద్దరూ ఎదురుపడతారు. తన ప్రాణం కాపాడిన మనిషి కోసం ఆమె వెతుకుతూ ఉంది. అతను అలవాటు చొప్పున క్రిస్టినా అని పిలుస్తాడు. నేను క్రిస్టినాను కాను, నీ అసిస్టెంటును కూడా... అని ఆమె టక్కున అనబోయి మధ్యలో ఆగిపోతుంది, ఈ మాట తన నోటికి ఎక్కడి నుంచి వచ్చిందో తెలియక. ఆ పేరు అతను ఆమెకు పెట్టింది తొలి ఎపిసోడ్లలో, ఏమీ జరగట్లేదని మనం గడియారం చూసుకున్న ఆ కబుర్ల మధ్య.